లండన్–న్యూయార్క్: దూరం ఒకటే, మరి వెళ్లడానికి 8:10, రావడానికి 6:55 ఏంటి?

కొలబద్ద:

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు ఇస్తే మధ్య దూరం, పట్టే సమయం చూపించే స్ప్రెడ్‌షీట్ ఒకటి తయారుచేస్తున్నాను. పరీక్షకి లండన్ హీత్రో, న్యూయార్క్ కెన్నెడీ జత తీసుకున్నాను. మొదట్లోనే తలనొప్పి మొదలైంది.

దూరం ఒక సైటులో 5,540 కి.మీ., ఇంకో సైటులో 5,554. గోళం మీద రెండు చోట్ల మధ్య దగ్గర దూరం కట్టే హావర్‌సైన్ సూత్రంతో నా షీటులో 5,600 వస్తోంది. మూడింట్లో ఏది నమ్మాలి?

సమయం సంగతి ఇంకా ఘోరం. దూరం చూపించే సైటు 7 గంటల 24 నిమిషాలు అంటోంది. టికెట్ల సైటులో వెళ్లేటప్పుడు 8:10, వచ్చేటప్పుడు 6:55. మార్చి మధ్యలో ఒక తేదీకి తిరుగు విమానం దిగే టైములోంచి బయల్దేరే టైము తీసేసి చూస్తే నా షీటు 5:55 అంటోంది! విమానం ఏమైనా తోక ముడిచి పరిగెత్తుతోందా? పైగా ట్రాకింగ్ మ్యాప్‌లో చూస్తే సముద్రం మీదుగా నేరుగా పోకుండా ఉత్తరానికి వంగి వెళ్తోంది. అంత చుట్టుతిరుగుడు ఎందుకు?

అక్షాంశం:

దూరం సంగతి ముందు తేల్చేద్దాం. అది తేలిక.

5,540, 5,554 రెండూ సరైనవే. మొదటిది భూమిని 6,371 కి.మీ. వ్యాసార్థమున్న గుండ్రటి బంతి అనుకుని కట్టిన లెక్క. రెండోది భూమి అసలు ఆకారంతో కట్టింది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357. ఈ 21 కి.మీ. నొక్కుడు వల్ల బంతి లెక్కకీ అసలు లెక్కకీ మహా అయితే అర శాతం తేడా వస్తుంది. మీ జతలో వచ్చింది పావు శాతమే. సమయం అంచనా వేయడానికి బంతి లెక్క చాలు. ఆ 14 కి.మీ. విమానానికి ఒక నిమిషం కూడా కాదు.

5,600 మాత్రం తప్పు. ఎక్కడ తప్పిందో చూద్దాం. హీత్రో 51°28′39″ ఉత్తరం, 0°27′41″ పశ్చిమం. కెన్నెడీ 40°38′23″ ఉత్తరం, 73°46′44″ పశ్చిమం. ముందు వీటిని దశాంశాల్లోకి మార్చాలి: నిమిషాలని 60తో, సెకన్లని 3,600తో భాగించి డిగ్రీలకి కలపాలి. హీత్రో 51.4775, మైనస్ 0.4614. కెన్నెడీ 40.6397, మైనస్ 73.7789. పశ్చిమం అయితే మైనస్, దక్షిణం అయితే మైనస్.

ఇక సూత్రం. అక్షాంశాల తేడా 10.8378°, దానిలో సగానికి సైన్ తీసి వర్గం చేస్తే 0.0089. రేఖాంశాల తేడా 73.3175°, సగానికి సైన్ తీసి వర్గం చేస్తే 0.3565. దీన్ని రెండు అక్షాంశాల కొసైన్లతో, అంటే 0.7588తో, 0.6228తో గుణిస్తే 0.1685. మొదటి దానికి కలిపితే 0.1774. వర్గమూలం తీసి, దానికి విలోమ సైన్ తీసి, రెట్టింపు చేస్తే 49.82° వస్తుంది. భూగోళం మీద ఒక డిగ్రీ అంటే 60 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 111.2 కి.మీ. కాబట్టి 2,989 నాటికల్ మైళ్లు, 5,540 కి.మీ.

మీ షీటులో కెన్నెడీకి మైనస్ పడలేదని నా అనుమానం. హీత్రోకి మైనస్ ఉండి కెన్నెడీకి లేకపోతే రేఖాంశాల తేడా 73.32 బదులు 74.24 అవుతుంది, సరిగ్గా 5,600 వస్తుంది. హీత్రో గ్రీనిచ్ రేఖకి ఆనుకునే ఉంది కాబట్టి తప్పు ఇంత చిన్నగా కనిపించింది. అదే టోక్యో–లాస్ ఏంజెలెస్ జత అయితే గుర్తు తప్పడం ఇట్టే దొరికిపోయేది.

ఇంకో తమాషా చెప్తాను. డిగ్రీ నిమిషాలని మార్చకుండా 40°38′23″ని 40.3823 అని, మిగతా మూడింటినీ అలాగే టైపు చేసేస్తే 5,555 వస్తుంది. పక్కా తప్పు ఇన్‌పుట్, కానీ అసలు ఆకారం లెక్కకి ఒక్క కిలోమీటరు పక్కనే పడింది! చూసినవాళ్లు భేష్ అనుకుంటారు. అందుకే ఒక్క జతతో షీటుని పరీక్షించకండి. భూమధ్యరేఖ మీద 0° నుంచి 90° రేఖాంశానికి 10,007.5 రావాలి. అదే రేఖ మీద 179 నుంచి మైనస్ 179కి 222.4 రావాలి. ఈ రెండూ సరిగ్గా వస్తే గుర్తులు, డిగ్రీలు–రేడియన్ల మార్పిడి, దినరేఖ దాటడం మూడూ బాగున్నట్టే.

స్ప్రెడ్‌షీటులో సైన్, కొసైన్ రేడియన్లలో తీసుకుంటాయి, డిగ్రీలు నేరుగా ఇవ్వకూడదు. విలోమ సైన్ బదులు ఏటాన్2 వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో అది ముందు ఎక్స్, తర్వాత వై తీసుకుంటుంది. పైథాన్, జావాస్క్రిప్ట్‌లో ముందు వై. కోడు కాపీ కొట్టినప్పుడు ఇక్కడే బోర్లా పడతారు.

మ్యాప్ మీద వంపు చుట్టుతిరుగుడు కాదు, అదే దగ్గర దారి. గోడ మీది మ్యాప్ గుండ్రటి భూమిని బల్లపరుపుగా లాగి సాగదీసింది, అందుకే నేరు దారి వంకరగా కనిపిస్తుంది. న్యూయార్క్, మాడ్రిడ్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 40.5° చుట్టుపక్కల ఉన్నాయి. మ్యాప్ మీద అడ్డంగా గీత గీసి ఆ అక్షాంశం వెంటే పోతే సుమారు 5,930 కి.మీ. దగ్గర దారిలో సుమారు 5,760. కానీ ఆ దగ్గర దారిలో విమానం కెన్నెడీ నుంచి నేరుగా తూర్పుకి తిరగదు. 65° దిక్కుకి, అంటే బాగా ఈశాన్యానికి మళ్లి, మధ్యలో 46° అక్షాంశం దాటి పైకెక్కి, మాడ్రిడ్ చేరేసరికి ఆగ్నేయానికి దిగుతూ ఉంటుంది. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊర్ల మధ్య దారం బిగించి చూడండి, నా లెక్కలేవీ అక్కర్లేదు.

నాటికల్_మైలు:

సమయం నేను చెప్తాను.

ముందు ఆ 7:24 ఎలా వచ్చిందో చూడండి. 5,554 కి.మీ. అంటే 3,451 మైళ్లు. గంటకి 500 మైళ్ల చొప్పున 6.9 గంటలు, అంటే 6:54. విమానం పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి ఒక అరగంట కలిపితే 7:24. అంతే. గాలి లేదు, దిక్కు లేదు, విమానం రకం లేదు. రెండు వైపులా ఒకే సమయం చూపించే సైటు ఏదైనా ఇలాంటి లెక్కే కడుతోందని అర్థం. అబద్ధం అనను, సగటు అంటాను.

అసలు వేగం మాక్ సంఖ్యతో, అంటే ధ్వని వేగానికి ఎన్నో వంతో చెప్పే సంఖ్యతో మొదలవుతుంది. 777, 787, ఏ350 లాంటి పెద్ద విమానాలు మాక్ 0.84, 0.85 దగ్గర నడుస్తాయి. 737, ఏ320 రకాలు 0.78 దగ్గర. ధ్వని వేగం ఉష్ణోగ్రతని బట్టి ఉంటుంది. 11 కి.మీ. ఎత్తున ప్రామాణిక వాతావరణంలో మైనస్ 56.5 డిగ్రీలు, అక్కడ ధ్వని సెకనుకి 295 మీటర్లు, గంటకి 1,062 కి.మీ. మాక్ 0.85 అంటే గంటకి 903 కి.మీ., అంటే 488 నాట్లు (గంటకి ఒక నాటికల్ మైలు అంటే ఒక నాటు). మాక్ 0.78 అయితే 828 కి.మీ.

ఇది గాలిలో వేగం. నేల మీద లెక్కకొచ్చేది దీనికి గాలిని కలిపినదో తీసేసినదో. ఉత్తర అట్లాంటిక్ మీద జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున ఉరవడిగా పారే గాలి, పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. ఉరవడి ఉన్నచోట 100 నాట్లు దాటడం మామూలే, చలికాలంలో ఇంకా ఎక్కువ.

మీ జతకే కడదాం. 5,554 కి.మీ. అంటే దాదాపు 3,000 నాటికల్ మైళ్లు. అసలు దారి దగ్గర దారికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, 3 శాతం కలిపి 3,090 అనుకుందాం. గాలి లేకపోతే 488తో భాగిస్తే 6:20. దారి పొడుగునా సగటున 60 నాట్ల ఎదురుగాలి ఉంటే నేల వేగం 428, సమయం 7:13. అదే గాలి వెనక నుంచి తోస్తే 548, సమయం 5:38. ఇక్కడ ఒకటి చూడండి: రానూపోనూ కలిపితే గాలి లెక్క చెల్లుకి చెల్లు అవ్వదు. 12:40 బదులు 12:51 పట్టింది. ఎదురుగాలిలో నష్టపోయే గంటలు ఎక్కువ, తోసే గాలిలో లాభపడే గంటలు తక్కువ కాబట్టి.

దీనికి పైన, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు వేగం తక్కువ ఉంటుంది కాబట్టి 15 నిమిషాలు కలపండి. 10,000 అడుగుల కింద మామూలుగా 250 నాట్ల పరిమితి ఉంటుంది. 35,000 అడుగులు ఎక్కడానికి 20–25 నిమిషాలు, దిగడం మొదలయ్యేది రన్‌వేకి 110–120 నాటికల్ మైళ్ల ముందు నుంచి.

ఇక మిగిలింది నేల మీద పాకడం. టికెట్ మీద ఉండేది గాలిలో ఉన్న సమయం కాదు, బ్లాక్ టైమ్. చక్రాల కింద దిమ్మలు తీసి కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. హీత్రోలో రన్‌వే దాకా వెళ్లడానికీ, కెన్నెడీలో గేటుకి చేరడానికీ కలిపి 35 నిమిషాలు వేసుకుంటే 7:13 + 0:15 + 0:35 = 8:03. మీ టికెట్ 8:10. తిరుగు ప్రయాణంలో సాయంత్రం రద్దీలో కెన్నెడీ రన్‌వే దగ్గర వరస పెద్దది, 45 వేసుకోండి: 5:38 + 0:15 + 0:45 = 6:38. టికెట్ 6:55. ఆ మిగిలిన 17 నిమిషాలూ షెడ్యూల్ వేసేవాళ్లు ఆలస్యాలకి దాచుకున్న మెత్తదనం, అంటే అదనపు సమయం.

గాలి ఎంత మార్చగలదంటే, 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను వేళ బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి కెన్నెడీ నుంచి హీత్రోకి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చింది. ఇంజిన్లు మామూలు ఇంజిన్లే. ధ్వని వేగం దాటే కాంకార్డ్ సంగతి వేరు, 1996 ఫిబ్రవరి 7న అదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో ముగించింది.

కొలబద్ద:

అక్షాంశం గారూ, దొరికింది దొంగ. కెన్నెడీకి మైనస్ లేదు. ఇప్పుడు 5,540 వస్తోంది. మీ 179 పరీక్ష కూడా పాసైంది.

ఇంకో రెండు సందేహాలు. విమానం 11 కి.మీ. ఎత్తున పోతుంది కదా, ఆ వృత్తం పెద్దది కాబట్టి దూరం పెరగాలి కదా? భూమి తూర్పుకి తిరుగుతోంది, మరి పడమటికి వెళ్లే విమానానికి న్యూయార్కే ఎదురొచ్చి త్వరగా చేరాలి కదా? మీరు చెప్పేది దీనికి తలకిందులుగా ఉంది.

అక్షాంశం:

ఎత్తు వల్ల పెరిగేది 6,371 కి.మీ.కి 11 కి.మీ. చొప్పున, అంటే 0.17 శాతం. మీ దారికి 10 కి.మీ. కూడా రాదు. వదిలేయండి.

భూమి తిరిగితే దాంతోపాటు గాలీ తిరుగుతుంది, గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి 1,670 కి.మీ. వేగంతో తూర్పుకి పోతోంది. గాలి వెనకబడిపోయి ఉంటే అక్కడ ఒక్క చెట్టు కూడా నిలబడదు. విమానం తేలేది ఆ గాలిలోనే కాబట్టి భూభ్రమణం నేరుగా లాభమూ కాదు, నష్టమూ కాదు. కాకపోతే జెట్ స్ట్రీమ్ పడమటి నుంచి తూర్పుకి మళ్లడానికి కారణాల్లో భూభ్రమణం ఒకటి. ఆ దొడ్డిదారిన అది మీ 8:10లోకి వచ్చి కూర్చుంది.

జులు_టైమ్:

మార్చిలో 5:55 ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. విమానం తప్పేమీ లేదు, గడియారాల గొడవ.

అమెరికాలో గడియారం ముందుకు జరిగేది మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు లండన్–న్యూయార్క్ తేడా 5 గంటలు కాదు, 4 గంటలే. శరదృతువులో కూడా అంతే: బ్రిటన్ అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి జరుపుతుంది, అమెరికా నవంబరు మొదటి ఆదివారం. ఆ వారం రోజులూ మళ్లీ 4 గంటలు. మీ షీటులో 5 అని కొట్టి వదిలేశారు కదా?

జనవరిలో 19:30కి న్యూయార్క్‌లో బయల్దేరితే యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక కాలం) ప్రకారం మర్నాడు 00:30. దానికి 6:55 కలిపితే 07:25, లండన్‌లో అప్పుడు గడియారం యూటీసీతో సమానం కాబట్టి టికెట్ మీదా 07:25. మార్చి మధ్యలో అదే 19:30 అంటే యూటీసీ 23:30. కలిపితే 06:25. లండన్ ఇంకా యూటీసీలోనే ఉంది. మీ షీటు 19:30 నుంచి 06:25కి 10:55 అని, అందులోంచి 5 తీసేసి 5:55 చూపించింది. తీయాల్సింది 4.

మందు ఒకటే. రెండు టైములనీ ఆ తేదీకి, ఆ ఊరికి వర్తించే తేడాతో యూటీసీలోకి మార్చి, అప్పుడు తీసివేయండి. తేదీ కూడా ఉండాలి, ఒట్టి గంటలు పెడితే అర్ధరాత్రి దాటిన ప్రతి విమానానికీ మైనస్ వస్తుంది. తేడాల గడిలో పూర్ణాంకాలు మాత్రమే పట్టేలా పెట్టొద్దు: భారత్ 5:30, నేపాల్ 5:45.

దినరేఖ దాటే దారులు విడిగా పరీక్షించండి. జనవరిలో ఆక్లాండ్‌లో రాత్రి 20:00కి ఎక్కితే యూటీసీ 07:00. 12 గంటల ప్రయాణం, యూటీసీ 19:00. లాస్ ఏంజెలెస్‌లో అదే తేదీ ఉదయం 11:00. ఎక్కిన టైముకంటే 9 గంటల ముందు దిగినట్టు! దిగే తేదీ ఎప్పుడూ ఎక్కిన రోజో మర్నాడో అయి ఉండాలని, టైము చిన్నదైతే మర్నాడేనని షీటులో షరతు పెడితే ఇక్కడ 12 గంటల ప్రయాణం 36 అవుతుంది.

డిస్పాచ్_డెస్క్:

పైన 3 శాతం అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది అన్నిచోట్లా చెల్లదు.

ఉత్తర అట్లాంటిక్ మీద దారులు రోజూ మారతాయి. గాలిని చూసి పడమటికి వెళ్లేవాళ్ల దారుల్ని ఐర్లాండ్–స్కాట్లాండ్ వైపు నుంచి షాన్‌విక్, తూర్పుకి వెళ్లేవాళ్ల దారుల్ని కెనడా వైపు నుంచి గాండర్ అనే విమాన నియంత్రణ కేంద్రాలు ప్రకటిస్తాయి. 30° పశ్చిమ రేఖాంశం దగ్గర పడమటి దారులు యూటీసీ 11:30 నుంచి 19:00 దాకా, తూర్పు దారులు 01:00 నుంచి 08:00 దాకా అమల్లో ఉంటాయి. తూర్పుకి పోయేవాళ్లు జెట్ స్ట్రీమ్‌ని పట్టుకుంటారు, పడమటికి పోయేవాళ్లు దాన్ని తప్పించుకుంటారు. అందుకే ఒకే జత ఊర్లకి రానూ పోనూ దారులు వందల కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు.

చూడటానికి వింతగా ఉంటుంది గానీ, పొడుగు దారే త్వరగా చేరుస్తుంది చాలాసార్లు. 3,000 నాటికల్ మైళ్ల దగ్గర దారిలో 100 నాట్ల ఎదురుగాలి ఉంటే 388తో 7:44. పక్కకి వంగి 3,150 మైళ్లు తిరిగితే ఎదురుగాలి 60కి తగ్గిందనుకోండి, 428తో 7:22. 150 మైళ్లు ఎక్కువ తిరిగి 22 నిమిషాల ముందు దిగారు, ఇంధనమూ మిగిలింది. ప్లాన్ వేసేటప్పుడు మేం చూసేది నేల దూరం కాదు, గాలిలో తిరిగిన దూరం: నేల దూరాన్ని గాలిలో విమానం వేగంతో గుణించి నేల వేగంతో భాగిస్తే వచ్చేది.

ఆకాశం మూసేస్తే ఏ శాతమూ పనికిరాదు. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక హెల్సింకి–టోక్యో ప్రయాణం సుమారు 9 గంటల నుంచి 13 గంటల దాకా పెరిగింది, కొన్ని విమానాలు ఉత్తర ధ్రువం మీదుగా తిరిగి వెళ్లాయి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం మాత్రం ఒక్క మీటరు మారలేదు. దూరం సైట్లు ఇప్పటికీ పాత సంఖ్యే చూపిస్తాయి. రెండు ఇంజిన్ల విమానాలకి ఇంకో కట్టుబాటు: ఒక ఇంజిన్ ఆగితే మిగిలిన దానితో నిర్ణీత నిమిషాల్లో దిగడానికి ఒక ఎయిర్‌పోర్టు అందుబాటులో ఉండాలి. అనుమతిని బట్టి 60, 120, 180, ఇంకా ఎక్కువ. దక్షిణ పసిఫిక్ లాంటి చోట దారి ఇందుకే వంగుతుంది.

చిన్న దూరాల్లో సూత్రాలు ఇంకా చెడ్డగా తప్పుతాయి. హీత్రో–పారిస్ షార్ల్ ద గోల్ సుమారు 348 కి.మీ. గంటకి 900తో భాగిస్తే 23 నిమిషాలు. గాలిలో ఉండేది 45–50 నిమిషాలు, టికెట్ మీద గంటంపావు పైమాటే. విమానం నిలకడ వేగం అందుకునేలోపే దిగడం మొదలెట్టాలి. గాలి పారిస్ వైపు నుంచి కాక పడమటి నుంచి వీస్తుంటే ముందు గాలికి ఎదురుగా పడమటికి లేచి, వెనక్కి తిరగాలి. దీనికితోడు హీత్రోకి వచ్చేటప్పుడు బోవింగ్‌డన్, లాంబోర్న్, బిగ్గిన్, ఓకమ్ అనే నాలుగు హోల్డింగ్ చోట్లలో ఏదో ఒకదానిలో చక్కర్లు కొట్టాల్సి రావచ్చు. నిమిషం నేరుగా, నిమిషం మలుపు, మళ్లీ నిమిషం నేరుగా, నిమిషం మలుపు: ఒక చక్కర్‌కి 4 నిమిషాలు. అందుకే 23 నిమిషాల దూరానికి కూడా మెత్తదనం దాచుకుంటారు. అమెరికా లెక్కల్లో షెడ్యూల్ దాటి 15 నిమిషాలలోపు గేటుకి చేరితే సమయానికి వచ్చినట్టే.

కొలబద్ద:

సరే, యూటీసీ చేశాను, మార్చి 6:55 అయింది. ఇప్పుడు గాలి సంగతి. రోజువారీ గాలి నా షీటుకి ఎక్కడ దొరుకుతుంది? ఒకే కాలమ్‌లో అంచనా పెట్టాలంటే ఏం చేయను?

నాటికల్_మైలు:

రోజువారీ గాలి జోలికి పోకండి, షీటు మునిగిపోతుంది. రెండు కాలమ్‌లు పెట్టండి, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి. ఒకటే పెట్టడం అసలు తప్పు. గాలి గడి మీరు నింపేలా వదిలేసి, ఎదురుగాలి అయితే మైనస్ వేసుకోండి. దగ్గర దారి నాటికల్ మైళ్లకి 3 శాతం కలిపి, నేల వేగంతో భాగించి, ఎక్కుదిగుళ్లకి 15, నేల మీద పాకడానికి 35 కలపండి. 800 కి.మీ. లోపు జతలకి ఈ సూత్రం వాడకండి, టికెట్ సమయమే టైపు చేయండి.

గాలి ఎంతుందో తెలియకపోతే వెనక్కి కట్టండి. టికెట్ మీద 8:10 ఉంది, అందులో 50 నిమిషాలు తీసేస్తే 7:20. 3,090ని 7.33తో భాగిస్తే 421 నాట్లు. 488లోంచి తీసేస్తే 67 నాట్ల ఎదురుగాలి. మెత్తదనం కూడా అందులోనే కలిసిపోయి ఉంది కాబట్టి అసలు గాలి దానికంటే కొంచెం తక్కువే.

ఇంకోటి, మైళ్లు. కొన్ని సైట్లు 3,451 మైళ్లు అంటాయి, కొన్ని 2,999. రెండోది నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు 1,852 మీటర్లు, మామూలు మైలు 1,609. వేగం నాట్లలో పెట్టి దూరం మామూలు మైళ్లలో పెడితే సమయం 15 శాతం ఉబ్బిపోతుంది, 6:20 కాస్తా 7:17 అవుతుంది. చూడగానే ఎదురుగాలి కాబోలు అనిపిస్తుంది, అందుకే పట్టుబడదు.